ముందు వరస రసికురాలు

2015 జూలై 6

ఈ ఏడు ఆరో తరగతి తెలుగు నాకిచ్చారు. భావనపాడు బడికి వచ్చినప్పటి నుంచీ లెక్కలే నా నెత్తిన ఉన్నాయి. లెక్కల మాస్టారు పాడితే పిల్లలు ఇంటికెళ్ళి నవ్వుకుంటారు. తెలుగు మాస్టారు పాడితే అది పాఠం. ఇన్నాళ్ళకు నా గొంతుకు ఒక ఉద్యోగం దొరికింది.

మొదటి పద్యం మోహన రాగంలో ఎత్తుకున్నాను. కిటికీ పక్కవాళ్ళు సముద్రం మీద పడవలు చూస్తున్నారు. వెనక వరసలో కుసుమకుమారి అనే గడుగ్గాయి పక్కదాని జడను బెంచీ కాలికి కడుతోంది. ముందు వరసలో మాత్రం ఒక పిల్ల, అనిత, చేపలమ్మే లక్ష్మణమ్మ కూతురు, నా ముఖం మీంచి చూపు తిప్పలేదు. నేను పైస్థాయికి వెళ్తే దాని కళ్ళు పెద్దవయ్యాయి. కిందికి దిగితే తలాడించింది. పద్యం అయ్యాక "బాగుంది మాస్టారూ" అంది.

గుళ్ళో కీర్తనలు పాడేటప్పుడు మా నాన్నకు ఎదురుగా ఎవరో ఒకరు అలా కూర్చునేవారు. మిగతా జనం ప్రసాదం కోసం వచ్చినవాళ్ళనీ, తాను ఆ ఒక్కరి కోసమే పాడతాననీ ఆయన అనేవారు.

జూలై 7

ఇవాళ కూడా చూసింది. తాళం కూడా వేసింది.

జూలై 9

కామేశ్వరితో చెప్పాను. మా ఆవిడ వీణ నేర్చుకున్న మనిషి. పెళ్ళయిన కొత్తలో నేను పాడుతుంటే వాయించేది. తర్వాత వేళ్ళు నొప్పులని మానేసింది. వేరేవాళ్ళు పాడితే నొప్పి ఉండదు. అది నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ముందు వరసలో కూర్చుంది కదా, పాపం లేచిపోవడానికి దారి లేదేమో" అంది.

జూలై 20

శ్రీకాకుళం నుంచి రాగసుధ అనే అమ్మాయి వచ్చింది. మైక్రోబయాలజీ పీజీ. పల్లె బడుల్లో పిల్లల చెవుల్లోంచి చీము ఎందుకు ఆగకుండా కారుతుందో, అందులో ఏ బ్యాక్టీరియా ఉంటుందో చూసే ప్రాజెక్టట. హెచ్ఎం గారు నా క్లాసు అప్పగించి కాఫీకి వెళ్ళిపోయారు.

మా పిల్లల చెవుల సంగతి నాకు కొత్త కాదు. సగం మంది చెవుల్లో దూది ఉంటుంది. వానాకాలం వస్తే ఈగలు పుస్తకాల కంటే చెవుల దగ్గరే ఎక్కువ. సముద్రంలో మునుగుతారు, చెవిలో నీళ్ళు పోతాయి, పిన్నీసుతో తోడుకుంటారు, ఇంట్లో నూనె కాచి పోస్తారు. జలుబు చేసి కారే చెవులు సరేసరి.

చివర దూది చుట్టిన పొడుగాటి పుల్లను రాగసుధ బయటికి తీయగానే క్లాసంతా గోడకు అంటుకుపోయింది. కుసుమ ముందుకొచ్చింది.

"ముందు మాస్టారికి ఎట్టండి. ఆయన సచ్చిపోకపోతే మేం ఎట్టించుకుంతాం."

పెట్టించుకున్నాను. నేను అరవలేదు. ఊపిరి కొంచెం గట్టిగా తీసుకున్నాను. పిల్లలు మాత్రం మాస్టారు అరిచారని హెచ్ఎం గారి గదిదాకా వెళ్ళి చెప్పొచ్చారు. ఆ ఉత్సాహంలో అందరూ వరసలో నిలబడ్డారు.

కుసుమ చెవిలోకి లైటు వేసి చూసి రాగసుధ ఆగిపోయింది. లోపల చీము లేదు, బలపం ముక్క ఉంది.

"అదా? ఒకటో తరగతిల పోనాది" అంది కుసుమ, పోయిన వస్తువు దొరికిందన్న సంతోషంతో.

రాగసుధ దాన్ని ముట్టుకోలేదు. టెక్కలి ఆస్పత్రిలో తీయించమని రాసిచ్చింది.

అనిత రాలేదు. జ్వరమని వాళ్ళమ్మ కబురు పంపింది.

జూలై 23

చీము కారే చెవికి వినికిడి తగ్గుతుందని ఆ అమ్మాయి పిల్లలకు వివరంగా చెప్పి వెళ్ళింది. మంచి మాటే. ఫలితంగా నా క్లాసు మొత్తం చెవిటిదైపోయింది.

"కుసుమా, సవర్ణదీర్ఘ సంధి చెప్పు."

"ఏటి మాస్టారూ?"

"సంధి!"

"నాకు సెవులు ఇనిపించవు మాస్టారూ. ఆ యక్కే సెప్పింది కదేటి."

బలపం ఆ ముందురోజే తీయించుకొచ్చింది. దాని పక్కది, దాని వెనకది, అందరికీ ఇదే జబ్బు. మధ్యాహ్న భోజనం బెల్లు మాత్రం అందరికీ వినిపించింది.

జూలై 24

మందు కనిపెట్టాను. అందరినీ తలొంచుకుని కాపీ రాయమని, క్లాసు వెనక్కి వెళ్ళి, నాలో నేను గొణుక్కుంటున్నట్టుగా "రేపు సెలవు" అన్నాను.

గుంపంతా గిర్రున తిరిగింది. కుసుమ బెంచీ మీదకెక్కింది. చెవిటితనం అక్కడికక్కడే నయమైపోయింది, అందరికీ ఒకేసారి.

ఒక్క అనిత తలెత్తలేదు. అంత గోలలోనూ అక్షరం మీద అక్షరం దిద్దుకుంటోంది. అందరూ లేచాక చుట్టూ చూసి, నవ్వి, తనూ లేచింది. శ్రద్ధ అంటే అది.

జూలై 27

ఇదంతా కామేశ్వరికి చెబితే కూరగాయలు తరగడం ఆపింది.

"ఆ పిల్లకు వినపడదేమోనండీ."

జూలై 28

కామేశ్వరికి అసూయ.

ఆగస్టు 4

సెప్టెంబరు అయిదున టెక్కలిలో గురుపూజోత్సవం. మండలం తరఫున నన్ను పాడమన్నారు. నేను అడిగితేనే అన్నారనుకో, అయినా అన్నారు. భోజనాల వేళ అనితను ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేస్తున్నాను. పాడిన ప్రతిసారీ "బాగుంది మాస్టారూ" అంటుంది. ఇంత నిలకడైన అభిప్రాయం పెద్ద పెద్ద విమర్శకులకు కూడా ఉండదు.

ఆగస్టు 6

డిక్టేషన్. "పాప పాలు తాగింది" అన్నాను. అనిత "మామ పాలు తాగింది" అని రాసింది. "బాట" అన్న చోట "పాట". పాట గురించి ఆలోచిస్తూ రాసి ఉంటుంది.

ఆగస్టు 10

గడ్డం గీసుకుంటూ అద్దంలో ఊరికే అనుకున్నాను. పాప. మామ. బాబా.

మూతి కదలిక మూడింటికీ ఒక్కటే.

రేజరుకు చెంప తెగింది. కామేశ్వరి పటిక తెచ్చి ఇచ్చింది. ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది.

ఆగస్టు 11

ఇవాళ భోజనాల వేళ అనితను ఎదురుగా కూర్చోబెట్టి గొంతు లేకుండా పాడాను.

పెదవులు ఆడించాను, చెయ్యి ఊపాను, పైస్థాయికి కళ్ళు మూసుకున్నాను. బయటికి గాలి తప్ప ఏమీ రాలేదు. వరండాలో కంచాలు కడుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

అనిత తొడ మీద తాళం వేసింది. కళ్ళు పెద్దవి చేసింది. నేను మూతి మూయగానే అంది.

"బాగుంది మాస్టారూ."

ఆగస్టు 12

పాడలేదు.

ఆగస్టు 14

బడికి ముందే ఒడ్డుకు వెళ్ళాను. అక్కడా పాటే. చేపల వేలంపాట. లక్ష్మణమ్మ గొంతు అందరికంటే పైన ఉంది. పాట ముగిసి, గంప నిండాక పక్కకు పిలిచాను.

"మా గుంటకి సెవుడేటి బాబూ? ఎవులు సెప్పినారు మీకు?" అని నా మీదకొచ్చింది.

"ఎవరూ చెప్పలేదమ్మా. నేను గొంతు లేకుండా పాడితే బాగుందంది."

"మీరు గొంతెట్టి పాడినా బాగుందనే అంతాది. అది మరియాద."

మాటకు మాట అప్పగించింది గానీ గంప నెత్తికి ఎత్తుకోలేదు. ఇసకలో పెట్టి దాని పక్కనే కూలబడింది.

"నానే నేర్పినాను బాబూ. ముందల కూకో, మాస్టారి మూతి సూడు. ఆయన నవ్వితే నవ్వు, తలాడిస్తే తలాడించు, అయిపోనాక బాగుందను, ఇంక నిన్నెవులూ ఏటీ అడగరని. సిన్నప్పటి నుంచి సెవులు కారతన్నాయి. నూనె పోసినాను, మందుల షాపోడిచ్చిన మాత్తర్లు ఏసినాను. కొన్నాళ్ళు ఆగుతాది, మల్లీ వస్తాది. ఆ దూదిపుల్ల పిల్ల వస్తాదని తెలిసే ఆ రోజు ఇంటికాడ ఉంచేసినాను. సెవిటిదని ఒక్కపాలి పేరు పడితే ఊరు ఒగ్గుతాదేటి? అనితన్న పేరు పోయి అదే పేరైపోద్ది."

నాకు కోపం రావాల్సింది. ఎంతసేపు చూసినా రాలేదు. నన్ను ఇన్నాళ్ళు ఆడించింది ఆ పిల్ల కాదు, ఈ తల్లి. బాగా ఆడించింది. పదకొండేళ్ళ పిల్ల ఇన్ని క్లాసులు మూతులు చదివి దాటింది. నేను తెలుగు మాస్టారిని, నాకు రోజూ నా ఎదురుగా ఉన్న పిల్లను చదవడం రాలేదు.

"ఎవరికీ చెప్పను. పరీక్ష చేయిద్దాం" అన్నాను.

"ఎవులికీ?"

"ఎవరికీ."

కామేశ్వరికి చెప్పేశానని చెప్పలేదు.

ఆగస్టు 18

రాగసుధ మళ్ళీ వచ్చింది. హెచ్ఎం గదిలో తలుపు చేరవేసి అనిత రెండు చెవుల్లోంచీ చీము తీసుకుంది. పచ్చగా ఉంది. వాసన గది దాటింది. ఇన్నాళ్ళూ ఆ వాసన ఒడ్డు మీద ఎండబెట్టిన చేపలదనుకున్నాను.

ఆ పిల్ల అరవలేదు. రాగసుధ మూతి చూస్తూ కూర్చుని, అయ్యాక "బాగుంది" అంది.

ఆగస్టు 20

మీసం తీసేశాను. పెదవులు సరిగ్గా కనిపిస్తాయని. స్టాఫ్‌రూములో ఎండలకని చెప్పాను. ఆగస్టులో ఎండలేమిటని సైన్సు మేడమ్ అడిగింది.

కామేశ్వరి చూసి నవ్వబోయి మానేసింది. కాసేపయ్యాక కాఫీ ఇస్తూ "బాగానే ఉన్నారు" అంది.

ఆగస్టు 24

శ్రీకాకుళం వెళ్ళాను, రాగసుధ ల్యాబుకు. మూతలున్న గుండ్రటి పళ్ళేలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిలో మా పిల్లల చెవులు పెరుగుతున్నాయి. చాలావాటిలో బంగారు రంగు చుక్కలు, స్టెఫైలోకాకస్ అట. నా పళ్ళెం ఖాళీ.

"మీ చెవిలో గుబిలి తప్ప ఏమీ లేదు మాస్టారూ" అంది. ఆరోగ్యమే అయినా అలా చెబితే చిన్నతనంగా ఉంటుంది.

అనిత పళ్ళెమంతా ఆకుపచ్చ. స్యూడోమొనాస్. తడి ఉంటే చాలు, ఎక్కడైనా బతుకుతుందట. చెవిలో చీము ఉన్నంత కాలం దానికి ఇల్లున్నట్టే. దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్ళలు, ఒక్కోదానికి ఒక్కో మందు పట్టించి పెట్టింది. కొన్ని బిళ్ళల చుట్టూ తుడిచిపెట్టినట్టు ఖాళీ. ఒక బిళ్ళ మీదికి మాత్రం ఆకుపచ్చ పాకి ఎక్కేసింది.

"లక్ష్మణమ్మగారు షాపులో కొంటున్న మాత్రలు ఇవే. వేసినా వేయకపోయినా ఒకటే. ఇది పిల్ల తప్పూ కాదు, వాళ్ళమ్మ తప్పూ కాదు. పురుగు మొండిది, మందు దానిది కాదు. ఈ కాగితం పట్టుకుని చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆలస్యం చెయ్యొద్దు."

లక్ష్మణమ్మకు ఫోను చేశాను. మొగుడు అప్పలసూరి వేటకెళ్ళాడట. పడవ తిరిగొచ్చాక వెళ్దామంది. సరే అన్నాను.

సరే అనకుండా ఉండాల్సింది.

ఆగస్టు 27

పొద్దున్న క్లాసులో అనిత బల్ల మీద తల వాల్చేసింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎడమ చెవి వెనక ఉబ్బి, చెవి డొప్ప ముందుకు తోసుకొచ్చింది. ముట్టుకోబోతే మొదటిసారి అరిచింది.

కుసుమ చెప్పకుండానే ఒడ్డుకు పరిగెత్తి లక్ష్మణమ్మను లాక్కొచ్చింది. ఆవిడ చేతికి ఇంకా చేపల పొలుసులున్నాయి. ఆటోలో టెక్కలి దాకా, అక్కణ్ణించి కారులో శ్రీకాకుళం. దారి పొడుగునా లక్ష్మణమ్మ నన్ను తిట్టింది. తర్వాత షాపువాణ్ణి, తర్వాత సముద్రంలో ఉన్న మొగుణ్ణి, తర్వాత తననే. అనిత తల ఒళ్ళో పెట్టుకుని తల్లి మూతి చూస్తూ ఉంది. అన్నీ అర్థమవుతున్నాయి దానికి. తిట్లు మూతి మీద చాలా స్పష్టంగా ఉంటాయి.

డాక్టరు కాగితం చూసి నర్సును పిలిచారు. చీము చెవి వెనక ఎముకలోకి ఎక్కుతోంది, ఆగితే లోపల మెదడు వైపు వెళ్తుంది అన్నారు. ఏ మందు పనిచేస్తుందో ముందే తెలియడం కలిసొచ్చిందన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, చీము తీశారు.

"బతుకుతాదా బాబూ?" అని లక్ష్మణమ్మ నన్నడిగింది. డాక్టర్ని అడగలేదు.

"బతుకుతుంది" అన్నాను. నాకేం తెలుసు. నా మూతి మాత్రం గట్టిగానే అంది.

ఆగస్టు 30

జ్వరం దిగింది. ఇడ్లీ బాలేదని గొడవ చేసింది. బాగాలేదు అనే మాట దాని నోట నేను వినడం ఇదే మొదలు.

సెప్టెంబరు 5

టెక్కలిలో నా పేరు రెండుసార్లు పిలిచారట. నేను ఆస్పత్రి వార్డులో ఉన్నాను. పడవ ఇంకా రాలేదు, లక్ష్మణమ్మ ఇల్లు చూసుకోవడానికి ఊరెళ్ళింది. కామేశ్వరి క్యారియర్ తెచ్చింది. అనితకు జడేస్తూ, దాని ఎదురుగా వంగి మెల్లగా, పెదవులు విప్పి మాట్లాడింది. నేను రెండు నెలలు పట్టి నేర్చుకున్నది మా ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

సాయంత్రం లక్ష్మణమ్మ వచ్చాక బయల్దేరాం. బస్సులో "పాడలేదని బాధగా ఉందా" అని అడిగింది.

"లేదు" అన్నాను.

కొంచెం ఉంది.

సెప్టెంబరు 21

అప్పలసూరి పడవ వచ్చేసింది. అనిత బళ్ళోకి వచ్చింది. ఇక చెవి తడవకూడదు. స్నానానికి వాసెలిన్ పూసిన దూది, సముద్రం బంద్. మధ్యాహ్నం చుక్కలు వేసే పని నాది. బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి వేస్తాను. క్లాసంతా చుట్టూ మూగుతుంది. ఇంక దాచేదేమీ మిగల్లేదు. చెవిటిదని ఎవరూ అనలేదు. ఎలా అంటారు, జూలైలో అందరూ చెవిటివాళ్ళే కదా.

సముద్రం కాపలా కుసుమ తీసుకుంది. అలల దగ్గర అనిత కనిపిస్తే జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తోంది. "ఓసే, సెవిలో నీరెళితే మాస్టారు మల్లీ మీసం తీసీవలస్తాది, ఆ మొకం సూడలేక సస్తన్నాం" అంటుందట.

అక్టోబరు 12

డాక్టరు చూశారు. రెండు చెవులూ ఆరాయి. కుడిచెవి పొరకున్న చిన్న కన్నం పూడింది. ఎడమదానికి వేసవిలో ఆపరేషను. చీము పోయినంత మేరకు వినికిడి వచ్చిందని, గదిలో మామూలుగా మాట్లాడితే చాలన్నారు. రాగసుధకు ఫోను చేస్తే సంతోషంతో అరిచినంత పని చేసింది. మిగతా పిల్లల రిపోర్టులు కూడా తెస్తానంది. ఒక్కొక్కరినీ డాక్టరు దగ్గరికి పంపాలి. హెచ్ఎం గారు ఈసారి కాఫీకి వెళ్ళలేదు, వ్యాను మాట్లాడతానన్నారు.

అక్టోబరు 13

పాడాను. మోహన. నాన్నను తలుచుకుని, గొంతు పూర్తిగా విప్పి.

అనిత నా మూతి చూడలేదు. తల కొంచెం పక్కకు వంచి వింది. నుదురు ముడిపడింది. అయిపోయాక నా వైపు అనుమానంగా చూసింది.

"ఏమ్మా?"

"ఇదేనేటి మాస్టారూ, రోజూ పాడినది?"

"ఇదే."

"అలగా..." అని ఇంకా ఏదో అనబోయి, జాలిపడి ఆగింది.

క్లాసు పొట్టలు పట్టుకుంది. కామేశ్వరికి చెబితే వంటింట్లో గోడకానుకుని నవ్వింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. తర్వాత గదిలోకి వెళ్ళి వీణ గుడ్డ తీసి దులిపింది. మీరు పాడొద్దు, నేను వాయిస్తాను అంది.

నవంబరు 17

అనిత బాగా చెడిపోయింది. రెండో వరసకు, కుసుమ పక్కకు మారింది. స్టాఫ్‌రూములో మేము అనుకున్న మాటలు సాయంత్రానికి ఊళ్ళో తిరుగుతున్నాయి. సైన్సు మేడమ్ చీర రంగు గురించి హెచ్ఎం గారు చాలా మెల్లగా అన్న మాట కూడా.

లక్ష్మణమ్మ బడి గేటు దగ్గర ఆపింది. "దీన్ని సూడండి బాబూ, ఒక్క మాటంటే రెండంతన్నాది. అంతకుముందు ఎంత నెమ్మదిగా ఉండీది!" అంది. కళ్ళు తుడుచుకుంటూ అంది.

డిసెంబరు 2

పాఠం మధ్యలో ఒకటే గుసగుసలు. అనిత, కుసుమ. రెండుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. మూడోసారి ఇద్దరినీ బయట నిలబెట్టాను.

అనిత గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది.

"అన్నేయం మాస్టారూ. కుసుమే మాటాడతన్నాది. నాను ఇంటన్నానంతే."

వినడం కూడా తప్పేనని చెప్పి గుమ్మం అవతలికి పంపాను. పీరియడ్ అయ్యేదాకా వరండాలోంచి ఆ ఇద్దరి గుసగుసలు వస్తూనే ఉన్నాయి. నేను ఆపలేదు.